పాఠకుల సందేహాలు: భాగిస్తే ఓములు, గుణిస్తే వాట్లు... ఎప్పుడూ అంతేనా?

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఓముల్లో వస్తుందనీ, గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుందనీ హైస్కూలు చదువు దాటిన వారందరికీ గుర్తే ఉంటుంది. ఈ శీర్షికకు ఈసారి ఉత్తరాలు రాసిన వారికీ ఆ సూత్రాలు బాగానే తెలుసు. అయినా లెక్క ఎక్కడో తేడా కొట్టింది. ఏ రెండు అంకెలను, ఎక్కడ, ఏ స్థితిలో కొలిచి పక్కపక్కన పెట్టాలన్న దగ్గరే చిక్కంతా ఉంది. జవాబులకు ముందు ఒక మాట. మన వాడుకలో 'కరెంటు' అంటే మొత్తం విద్యుత్తు. కరెంటు పోయింది అంటాం, కరెంటు డిమ్ముగా ఉంది అంటాం. మొదటి దానికి అర్థం సరఫరా, రెండో దానికి అర్థం వోల్టేజి. అందుకే ఆంపియర్లలో కొలిచే దాన్ని కింది జవాబుల్లో 'ప్రవాహం' అని రాశాం.

ప్రశ్న: మా స్నానాల గదిలో ఉన్న 15 లీటర్ల గీజరు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంది. ఈ మధ్య నీళ్లు కాగడం ఆలస్యమవుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి టంగ్ టెస్టర్ (తీగను చుట్టి పట్టుకుని ఆంపియర్లు కొలిచే మీటరు) పెట్టి చూస్తే 7.6 ఆంపియర్లు చూపింది. "రెండు వేల వాట్లకి 8.7 రావాలమ్మా, కాయిల్ వీకైంది, మార్చాల్సిందే" అన్నారు. నాకు నమ్మకం కుదరక ఆయన చేతనే మరికొన్ని కొలతలు తీయించి రాసుకున్నాను. గీజరు ఆపి ఉన్నప్పుడు మీటరు బోర్డు దగ్గరా, గీజరు దగ్గరా కూడా 226 వోల్టులు ఉంది. గీజరు వేశాక మీటరు బోర్డు దగ్గర 222, గీజరు మూత విప్పి తీగలు బిగించిన చోట చూస్తే 202 ఉంది. కాయిల్ మార్చించాలా? ఆలస్యమవుతున్న కొద్దీ బిల్లు కూడా పెరుగుతుందా? ప్లగ్గు తీసినప్పుడు పిన్ను ముట్టుకోలేనంత వేడిగా ఉంటోంది, ఇది మామూలేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇన్ని కొలతలతో ఉత్తరాలు మాకు అరుదుగా వస్తాయి. మీ కాయిల్‌లో ఏ లోపమూ లేదు. లోపం ఎక్కడుందో మీ చివరి వాక్యంలోనే ఉంది. కనుక ఈ జవాబు చదివేలోగా గీజరు వాడుతూ ఉంటే దయచేసి ఆపివేయండి.

ముందు కాయిల్ సంగతి చూద్దాం. గీజరు మీద రాసిన 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు వస్తుంది; 230ని మళ్లీ ఆ 8.7తో భాగిస్తే కాయిల్ నిరోధం 26.45 ఓములని తేలుతుంది. ఇప్పుడు మీ కొలతలు తీసుకుందాం. కాయిల్‌కు అందుతున్న 202 వోల్టులను 7.6 ఆంపియర్లతో భాగిస్తే 26.6 ఓములు వస్తుంది. రెండూ ఒకటే అనుకోవచ్చు. కాయిల్‌లో ఉండే నిక్రోమ్ తీగ వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు కాబట్టి ఈ పోలిక నమ్మదగినదే. కాయిల్ తెగిపోయి ఉంటే ప్రవాహం సున్నా అయ్యేది. మీ ఎలక్ట్రీషియన్ గారు ఆంపియర్లను సరిగానే కొలిచారు. గీజరు తీగలో ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి టంగ్ టెస్టర్‌లో పెడితే ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టివేసి సున్నా చూపుతుంది; ఆయన ఒక్క తీగనే విడదీసి పట్టుకున్నారు. అయితే 8.7 అన్న అంకె 230 వోల్టులు అందినప్పటి మాట. అందుతున్నవి 202 మాత్రమే అయినప్పుడు 7.6 రావడమే న్యాయం.

ఇక ఆలస్యం సంగతి. 202ను 7.6తో గుణిస్తే 1535 వాట్లు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4190 జౌళ్లు కావాలి. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 18.9 లక్షల జౌళ్లవుతుంది. వాటు అంటే సెకనుకు ఒక జౌలు కనుక 2000 వాట్లతో ఆ పని 16 నిమిషాల లోపే అయిపోతుంది. 1535 వాట్లతో 20 నిమిషాలు దాటుతుంది. మీరు గమనించిన ఆలస్యం ఇదే.

అసలు విషయం ఏమిటంటే, మీటరు బోర్డు దగ్గర 222 ఉన్న వోల్టేజి గీజరు చేరేసరికి 202 అయింది. ఆ 20 వోల్టులు దారిలో ఎక్కడో ఖర్చయ్యాయి. అదే 7.6 ఆంపియర్లు ఆ దారిలోనూ పోతున్నాయి కాబట్టి, 20ని 7.6తో భాగిస్తే దారి నిరోధం 2.6 ఓములని వస్తుంది. ఇంత ఉండకూడదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరు పొడవుకు సుమారు 7.5 ఓముల నిరోధం చూపుతుంది. బోర్డు నుంచి గీజరుకు 15 మీటర్లనుకున్నా, పోను 15, రాను 15 కలిపి 30 మీటర్లకు పావు ఓము కూడా కాదు, రెండు వోల్టులు కూడా తగ్గకూడదు. మిగిలిన రెండున్నర ఓములు ఒక వదులు బిగింపులోనో, మాడిన సాకెట్ పెదవుల్లోనో దాక్కుని ఉన్నాయి. పిన్ను ఎందుకు కాలుతోందో కూడా ఈ లెక్కే చెబుతుంది: 20 వోల్టులు, 7.6 ఆంపియర్లు, గుణిస్తే 152 వాట్లు. రేడియో మరమ్మతు చేసేవారు టంకం వేసుకునే చిన్న కడ్డీ 25 వాట్లది. అలాంటివి ఆరు ఒక ప్లాస్టిక్ సాకెట్ లోపల పెట్టి వేడి చేస్తే ఎలా ఉంటుందో మీ గోడలో ఇప్పుడు అలాగే ఉంది. సాకెట్ విప్పి చూస్తే రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక, లోపల రంగు మారిన ఇత్తడి, కరిగిన తొడుగు కనిపించే అవకాశం ఎక్కువ.

ప్లగ్గునూ సాకెట్‌నూ రెండింటినీ మార్చించండి. ఒకటి మాత్రం మార్చితే పాతదాని మాడు కొత్తదాన్నీ చెడగొడుతుంది. 16 ఆంపియర్లది వేయించండి. నల్లబడిన తీగ కొసను కత్తిరించి, మెరిసే రాగి వచ్చాకే బిగించమనండి. దారిలో జంక్షన్ బాక్సు ఉంటే అందులోని మెలికలు కూడా విప్పి చూడమనండి. పని అయ్యాక అదే టంగ్ టెస్టర్ 8.2, 8.3 చూపాలి, చూపకపోతే చెడు ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టే. మీటరు బోర్డు దగ్గరే 226 నుంచి 222కు తగ్గడం బయటి లైనులో జరిగినది, దాని గురించి దిగులు వద్దు.

బిల్లు విషయానికొస్తే, నీళ్లకు కావలసింది ఎప్పుడూ అదే 18.9 లక్షల జౌళ్లు, అంటే 0.52 యూనిట్లు. వాట్లు తగ్గాయి, నిమిషాలు పెరిగాయి, లెక్క చెల్లుకు చెల్లు. సాకెట్ తినే 152 వాట్ల వల్ల మాత్రం దాదాపు పదోవంతు అదనంగా మీటరు తిరుగుతోంది.

ప్రశ్న: పదో తరగతికి భౌతిక శాస్త్రం చెబుతాను. సామర్థ్యానికి 'ఐ స్క్వేర్ ఆర్' అనీ, 'వీ స్క్వేర్ బై ఆర్' అనీ రెండు సూత్రాలు రాయించాను (ఐ అంటే ప్రవాహం, వీ అంటే వోల్టేజి, ఆర్ అంటే నిరోధం). ఒక పిల్లవాడు లేచి, మొదటి దాని ప్రకారం నిరోధం పెరిగితే వాట్లు పెరగాలి, రెండో దాని ప్రకారం తగ్గాలి, ఏది నిజం సార్ అని అడిగాడు. రెండూ నిజమేనని చెప్పాను గానీ వాడి ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: నమ్మకపోవడమే ఆ పిల్లవాడి తెలివి. మొదటి సూత్రం వాడి 'నిరోధం పెరిగితే' అన్నప్పుడు ప్రవాహం మారదని మనసులో అనుకుంటున్నాం. రెండోది వాడినప్పుడు వోల్టేజి మారదని అనుకుంటున్నాం. ఒకే వలయంలో నిరోధాన్ని మార్చి, ఆ రెండింటినీ కదలకుండా నిలపడం ఎవరివల్లా కాదు. కనుక సూత్రం ఎంచుకునే ముందు ఇక్కడ ఏది స్థిరంగా ఉంది అని అడగాలి.

ఇంట్లో అన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి, ప్రతి వస్తువుకూ 230 వోల్టులే అందుతుంది. అక్కడ 'వీ స్క్వేర్ బై ఆర్' రాజ్యమేలుతుంది: 60 వాట్ల బల్బు నిరోధం వెలిగినప్పుడు 882 ఓములు, 100 వాట్ల దానిది 529. నిరోధం తక్కువైనదే ఎక్కువ వెలుగునిస్తుంది. అవే రెండు బల్బులను శ్రేణిలో కలిపితే ఒకే ప్రవాహం రెండింటిలోనూ పోవాలి, అప్పుడు 60 వాట్ల బల్బే ఎక్కువ వెలుగుతుంది. తరగతి గదిలో ఇది చేసి చూపిస్తే పిల్లలు గోల చేస్తారు, ఆ గోల వృథా కాదు. తీగల బిగింపు మాత్రం మీరే చేయండి.

తెనాలి పాఠకురాలి సాకెట్‌ను కూడా బోర్డు మీదకు ఎక్కించవచ్చు. సాకెట్, కాయిల్ శ్రేణిలో ఉన్నాయి. కాయిల్ 26.6 ఓములు, మీటరు బోర్డు దగ్గర 222 వోల్టులు స్థిరమనుకుందాం. దారి నిరోధం 2.6 ఓములున్నప్పుడు అక్కడ పుట్టే వేడి 152 వాట్లు. బిగింపు ఇంకా వదులై అది 5 ఓములైతే, ప్రవాహం 7 ఆంపియర్లకు తగ్గుతుంది, వేడి మాత్రం 247 వాట్లకు పెరుగుతుంది. దారి నిరోధం కాయిల్ నిరోధంతో సమానమయ్యే వరకు అలా పెరిగి, 463 వాట్ల దగ్గర శిఖరం చేరి, ఆ తరువాత తగ్గడం మొదలుపెడుతుంది. తీగ పూర్తిగా ఊడిపోతే సున్నా. ఎక్కే వైపు మొదటి సూత్రం మాట చెల్లుతుంది, దిగే వైపు రెండోది. పటం గీయించండి, పిల్లవాడే తేల్చుకుంటాడు. ఇదంతా జరుగుతున్నా ఎం.సి.బి. (ప్రమాదం వస్తే తనంతట తానే పడిపోయే స్విచ్) ఎందుకు పడిపోదని కూడా వాడు అడగవచ్చు. ఎం.సి.బి. చూసేది ప్రవాహం పెరిగిందా అని. ఇక్కడ ప్రవాహం తగ్గుతోంది.

ప్రశ్న: ఇంట్లో మూలన పడి ఉన్న పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిస్తే 64 ఓములు చూపింది. 230 వోల్టుల వర్గాన్ని 64తో భాగిస్తే 826 వాట్లు వస్తోంది. మీటరు పాడైందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీటరు బాగుంది. మీరు కొలిచింది చల్లగా ఉన్న ఫిలమెంటును. మల్టీమీటరు తన చిన్న బ్యాటరీతో పంపే ప్రవాహం ఆ తీగను గోరువెచ్చన కూడా చేయలేదు. బల్బు వెలిగినప్పుడు ఫిలమెంటు వేడి దాదాపు 2500 డిగ్రీల సెల్సియస్. ఆ వేడి దగ్గర టంగ్‌స్టన్ నిరోధం మామూలు కన్నా పదమూడు, పధ్నాలుగు రెట్లుంటుంది. 64ను 13.8తో గుణించండి, 60 వాట్లకు కావలసిన 882 ఓములు వచ్చేస్తుంది.

ఆ 826 వాట్లు కూడా పూర్తిగా కల్ల కాదు. స్విచ్ వేసిన తొలి క్షణంలో, ఫిలమెంటు ఇంకా చల్లగా ఉండగా, 3.6 ఆంపియర్ల వరకు లాగగలదు. సెకనులో చిన్న భాగం గడిచేసరికి తీగ వేడెక్కి ప్రవాహం 0.26 ఆంపియర్లకు దిగివస్తుంది. పాత బల్బులు వెలుగుతూ వెలుగుతూ మాడిపోయినవాటికన్నా, స్విచ్ వేసీవేయగానే 'టిక్' మని పోయినవి ఎక్కువగా గుర్తుండటం ఇందువల్లనే.

మరి ఓమ్ నియమం ఏమైనట్టు? ఉష్ణోగ్రత మారనప్పుడు అన్న షరతుతోనే అది చెల్లుతుంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 1789లో పుట్టిన గేయార్గ్ సైమన్ ఓమ్ తండ్రి తాళాలు చేసేవాడు. కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ఓమ్ తన పరికరాలు తానే తయారు చేసుకున్నాడు. మొదట వోల్టా ఘటమాలతో (ఆనాటి బ్యాటరీలతో) ప్రయోగాలు చేస్తే, వాడుతూ ఉండగానే వాటి బలం పడిపోయి లెక్కలు కుదరలేదు. తరువాత పోగెన్‌డార్ఫ్ అనే భౌతిక శాస్త్రవేత్త సలహాతో బిస్మత్, రాగి అతుకులను తీసుకుని, ఒక కొసను మరిగే నీటి వేడిలో, రెండో కొసను మంచులో ఉంచి, కదలని వోల్టేజి సంపాదించాడు. ప్రవాహాన్ని వేలాడే అయస్కాంత సూది మెలికతో కొలిచాడు. 1826 నాటి ఆ కొలతల్లో ఆయన రాసుకున్న సూత్రం మన పుస్తకాల్లో ఉన్నంత పొట్టిది కాదు: ఒక స్థిరాంకాన్ని, పరీక్షిస్తున్న తీగ పొడవుకు మరో స్థిరాంకం కలిపి, ఆ మొత్తంతో భాగించాడు. ఆ రెండో స్థిరాంకం పరికరంలోని మిగతా దారి అంతటి నిరోధం. తెనాలి గీజరు సాకెట్ సరిగ్గా ఆ పదంలోకే వస్తుంది. మన పాఠాలు మొదట వదిలేసేదీ ఆ పదాన్నే. 1827లో పుస్తకం వెలువడినా స్వదేశంలో ఆదరణ కరవైంది, 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది.

ప్రశ్న: మా బోరు మోటారు ఐదు హార్స్‌పవరుది, త్రీఫేజు. స్టార్టరు పెట్టె దగ్గర 415 వోల్టులు, ఒక్కో ఫేజులో 7 ఆంపియర్లు ఉంది. గుణిస్తే 2905 వాట్లే వస్తోంది. ఐదు హార్స్‌పవరంటే 3730 వాట్లు కదా? ఇంకొకటి. 415ను 7తో భాగిస్తే 59 ఓములు వస్తుంటే, మోటారు ఆపి వైండింగు కొలిస్తే 5 ఓములే ఉంది. వోల్టేజి తగ్గితే ఆంపియర్లు కూడా తగ్గాలి గదా, మరి లో వోల్టేజికి మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయి?
– ఒక రైతు, నల్లగొండ

జవాబు: మూడు ఫేజుల మోటారుకు 415ను 7తో గుణించి ఆగకూడదు, దాన్ని 1.732తో మళ్లీ గుణించాలి. 5031 వస్తుంది. ఇది కూడా వాట్లు కాదు, వోల్ట్ ఆంపియర్లు. మోటారు తన అయస్కాంతాన్ని నిలబెట్టుకోవడానికి కొంత ప్రవాహాన్ని లాగి, మళ్లీ లైనుకే తిప్పి పంపుతూ ఉంటుంది. అది పని చేయదు గానీ టంగ్ టెస్టర్‌లో కనబడుతుంది. పని చేసే వాటాను పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది 0.8 అనుకుంటే మోటారు నిజంగా తీసుకుంటున్నది 4025 వాట్లు. అందులో అయిదో వంతు వేడిగా, రాపిడిగా పోయిందనుకున్నా 3220 వాట్లు, అంటే 4.3 హార్స్‌పవరు, పంపును తిప్పుతోంది. మోటారు మీద రాసిన ఐదు హార్స్‌పవరు అది ఇవ్వగలిగినది. మీ నీటి మట్టానికి అంత అవసరం లేకపోతే అంత తీసుకోదు. కెపాసిటరు బిగించమని విద్యుత్ సిబ్బంది చెప్పేది ఆ తిరుగు ప్రవాహం ట్రాన్స్‌ఫార్మరు దాకా పోకుండా ఆపడానికే. మోటారు వైండింగులో ప్రవాహం మాత్రం దానివల్ల తగ్గదు.

59 ఓముల మాట మరచిపోండి. తిరుగుతున్న మోటారు తనకు వస్తున్న వోల్టేజికి ఎదురుగా తానే ఒక వోల్టేజిని పుట్టిస్తుంది. 415లో చాలా భాగం దానికే సరిపోతుంది. భాగించి నిరోధం తీసే లెక్క గీజరుకు, ఇస్త్రీపెట్టెకు, హీటరుకు చెల్లుతుంది, తిరిగే వాటికి చెల్లదు. మీ మల్టీమీటరు చూపిన 5 ఓములే రాగి తీగ అసలు నిరోధం. మోటారు కదలని క్షణంలో ఆ ఎదురు వోల్టేజి బాగా తగ్గి ఉంటుంది కాబట్టే వేయగానే ఐదారు రెట్ల ప్రవాహం లాగుతుంది. బేరింగు పట్టేసి తిరగకపోతే అదే ప్రవాహం ఆగకుండా పారి వైండింగును కాల్చేస్తుంది.

లో వోల్టేజి సంగతి గీజరుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. గీజరుకు వోల్టేజి తగ్గితే తక్కువ వేడితో సరిపెట్టుకుంటుంది. మోటారు అలా సరిపెట్టుకోదు. బోరులోని నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అంత లోతునే ఉన్నాయి, ఎత్తాల్సిన బరువు అదే, కావలసిన వాట్లూ దాదాపు అవే. 415 కాస్తా 350కి పడిపోతే ఆ 4025 వాట్ల కోసం మోటారు 8.3 ఆంపియర్లు లాగాలి. వైండింగు వేడి ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 7 నుంచి 8.3కు పెరిగితే వేడి నూటికి నలభై వంతులు ఎక్కువవుతుంది. స్టార్టరులో, ప్రవాహం మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను మీ మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకు తిప్పి పెట్టించుకోండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పై అంకెకు తిప్పడం మన పొలాల్లో మామూలే, రీవైండింగు షాపులకు పని దొరికేదీ అక్కడే.

ప్రశ్న: సెల్‌ఫోను ఛార్జరు మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. దాని నిరోధం రెండున్నర ఓములేనా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: కాదు. ఆ 2 ఆంపియర్లు ఛార్జరు ఇవ్వగలిగే గరిష్ఠం, ఇప్పుడు ఇస్తున్నది కాదు. గుణిస్తే 10 వాట్లు వస్తుంది, దాని పైపరిమితి అది. ఫోను నిండిపోవచ్చిన వేళ ప్రవాహం 0.1 ఆంపియరుకు దిగిందనుకుంటే అప్పుడు భాగిస్తే 50 ఓములు వస్తుంది. ఆ అంకె కూడా ఛార్జరుది కాదు, ఫోను ఆ నిమిషంలో ఎంత అడిగిందో చెప్పేది మాత్రమే. పక్కనే '100 నుంచి 240 వోల్టులు, 0.35 ఆంపియర్లు' అని ఉంటే 230తో గుణించి 80 వాట్లు తింటోందని కంగారు పడకండి. ఆ 0.35 అన్నది 100 వోల్టుల వంటి తక్కువ సరఫరా ఉన్న చోట కూడా మించకుండా ఉండేలా ఉదారంగా రాసిన అంకె.